అద్దం వెనుక ఆవిరి

కొత్త వాచీలో చెమ్మ కనిపిస్తే దానిని వెంటనే ఆరబెట్టాలని ఎవరికైనా తోస్తుంది. కాని కొన్నవారి పక్షాన సాక్ష్యం చెప్పగలిగేది తరచు ఆ చెమ్మ ఒక్కటే.

ఒక ప్రయాణాన్ని ఊహించుకోండి. జూలై నెల సాయంత్రం, సామర్లకోట స్టేషను. అప్పుడే వాన వెలిసింది. ప్లాట్‌ఫారం మీద గాలి ఉడికించినట్టు ఉంది. పదవీ విరమణ చేసిన ఒక ప్రధానోపాధ్యాయుడు సికింద్రాబాదు వెళ్ళే రైలెక్కి, చల్లని ఏసీ పెట్టెలో తన సీటు వెతుక్కొని కూర్చున్నారు. ఆయన ఎడమ చేతికి కొత్త వాచీ ఉంది. మూడు వారాల క్రితం, డెబ్భయ్యో యేట భీమరథ శాంతి చేసుకొన్ననాడు, పుణేలో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఇచ్చిన కానుక అది. ధర రెండు లక్షల పైచిలుకు. "ఇంత డబ్బు ఎందుకు పోశావురా?" అని ఆయన కోప్పడ్డారే గాని, ఆ రాత్రి దీపం ఆర్పేముందు దానిని రెండుసార్లు చూసుకొన్నారు.

ఇప్పుడు గంట ఎంతయిందో చూద్దామని చెయ్యి ఎత్తారు. అద్దం మీద ఆరుకూ ఎనిమిదికీ మధ్య పాలపొర వంటిది కనిపించింది. ఉత్తరీయం అంచుతో తుడిచారు. పోలేదు. మరోసారి గట్టిగా తుడిచారు. అప్పుడు అర్థమయింది, పొర అద్దానికి ఇవతల లేదు, అవతల ఉంది.

చలికి చేతిని శాలువాలో దాచుకొన్నారు. రైలు గోదావరి వంతెన దాటాక మళ్ళీ చూస్తే పొర లేదు. "అమ్మయ్య!" అనుకొని కళ్ళు మూసుకొన్నారు.

ఈ ఊరటలోనే ప్రమాదం ఉంది. పొర పోయింది గాని, నీరు ఎక్కడికీ పోలేదు. శాలువా వెచ్చదనానికి అది మళ్ళీ ఆవిరియై, అద్దాన్ని వదిలి వాచీ లోపలే తిరుగుతున్నది.

ఒక్క చుక్క చాలు

వేడిగాలి తేమను ఎక్కువగా మోయగలదు, చల్లగాలి తక్కువగా మోస్తుంది. 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. 20 డిగ్రీలకు చల్లబడితే దాదాపు 17 గ్రాములనే ఉంచుకోగలదు. మిగిలినది నీరై, దగ్గరలో అన్నిటికంటె చల్లగా ఉన్న తలాన్ని ఆశ్రయిస్తుంది. వాచీలో ఆ తలం అద్దమే. వెనుక మూతకు ఒంటి వెచ్చదనం తగులుతూ ఉంటుంది, అద్దానికి ఆ రక్షణ లేదు.

అయితే వాచీలో పట్టే గాలి ఎంత? ఘనపు సెంటీమీటర్లలో లెక్కపెట్టవలసినంత. పూర్తిగా తేమ నిండిన 30 డిగ్రీల గాలిలో ఒక ఘనపు సెంటీమీటరుకు ఉండే నీరు 0.03 మిల్లీగ్రాములే. ఒక మామూలు నీటి చుక్క బరువు సుమారు 50 మిల్లీగ్రాములు. అంటే ఒక్క చుక్క ఒకటిన్నర లీటర్ల గాలిని తేమతో నింపగలదు. చుక్కలో చిన్న భాగం లోపలికి వెళ్ళినా, చల్లదనం తగిలినప్పుడల్లా అద్దం మసకబారుతూనే ఉంటుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఎండలో నుంచి చలిలోకి హఠాత్తుగా వెళ్ళినప్పుడు లోపల సన్నని పొర పట్టి వెంటనే విడిపోతే, అది యంత్రానికి హాని చేయదని కొందరు తయారీదారుల సూచన పుస్తకాలే చెబుతాయి. కాని పొర నిమిషాల తరబడి నిలిచినా, మళ్ళీ మళ్ళీ పట్టినా, చిన్న బిందువులుగా మారినా దానిని ఉపేక్షించరాదు. ఎక్కడో ఒక రబ్బరు వాషరు తన పని తాను చేయడం లేదన్నమాట.

వాచీకి నీరు చొరబడగల వాకిళ్ళు సాధారణంగా మూడు. అద్దం అమర్చిన అంచు, వెనుక మూత, పక్కన తిప్పే కీ. స్టాప్‌వాచీ ఏర్పాటు ఉన్న వాచీలలో నొక్కుడు మీటలు మరికొన్ని వాకిళ్ళను చేరుస్తాయి. ప్రతి వాకిలి దగ్గరా ఒక వాషరు కాపలా ఉంటుంది. బిగించేటప్పుడు అది కాస్త నలిగినా, దాని కింద ఒక నూలుపోగు చిక్కుకొన్నా కాపలా సడలినట్టే. అటువంటి లోపం ఖరీదైన కొత్త వాచీలో ఉండదని ఎవరూ ప్రమాణం చేయలేరు.

లోపలికి చేరిన తేమ చూస్తూ ఊరుకోదు. ఉక్కు మరలకు, సన్నని ఇరుసులకు తుప్పు పట్టిస్తుంది. కందెన నూనెను పాడుచేస్తుంది. డయలు మీద మచ్చలు తెస్తుంది. బ్యాటరీతో నడిచే వాచీ అయితే విద్యుత్ వలయాన్ని కొరుకుతుంది. ఉప్పునీరైతే ఈ పని మరింత వేగంగా జరుగుతుంది.

ఈదిన వాచీ, ఈదిన మనిషి

నీటికి చెక్కుచెదరని వాచీ అన్న మాట మొదటి నుంచీ సాక్ష్యంతో ముడిపడినదే. 1926లో హాన్స్ విల్స్‌డార్ఫ్ స్థాపించిన రోలెక్స్ సంస్థ, వెనుక మూతనూ కీనీ మరలా తిప్పి బిగించే ఒక వాచీని తయారుచేసి, దానికి ముత్యపు చిప్ప పేరు మీద 'ఆయిస్టర్' అని పేరు పెట్టింది. నీరు చొరదని సంస్థ చెబితే చాలదు, లోకం నమ్మాలి.

సరిగ్గా ఆ రోజులలోనే ఇంగ్లండులో మరొకరి మాట మీద సందేహం రేగింది. 1927 అక్టోబరు 7న మెర్సిడిస్ గ్లైట్జ్ అనే లండన్ టైపిస్టు ఇంగ్లీషు చానెల్‌ను ఈదింది. ఆ ఘనత సాధించిన తొలి బ్రిటిష్ మహిళ ఆమె. కొద్ది రోజులకే మరొక మహిళ తానూ ఈదానని చెప్పి, పిమ్మట అది కల్లమాట అని ఒప్పుకొన్నది. దానితో గ్లైట్జ్ మాటనూ కొందరు శంకించారు. ఆమె వాదించలేదు. అక్టోబరు 21న, నీరు మరింత చల్లబడిన కాలంలో, అందరూ చూస్తుండగా మళ్ళీ చానెల్‌లో దిగింది. ఆ రోజు ఆమె మెడలో ఒక ఆయిస్టర్ వాచీ వేలాడుతున్నది. పది గంటలకు పైగా పోరాడిన తరువాత ఆమెను పడవలోకి లాగవలసి వచ్చింది. ఆవలి ఒడ్డు చేరలేదు. అయినా ఆమె ఓర్పును కళ్ళారా చూసినవారికి సందేహం మిగలలేదు. వాచీ మాత్రం నడుస్తూనే ఉంది. నవంబరు 24న లండన్ 'డెయిలీ మెయిల్' పత్రిక మొదటి పుట నిండా ఆ వాచీ ప్రకటన వెలువడింది.

తరువాతి కాలంలో ప్రకటనల భాష కొంత వినయం నేర్చుకొన్నది. నీరు ఎన్నటికీ చొరదన్న అర్థమిచ్చే 'వాటర్‌ప్రూఫ్' మాట స్థానంలో, నీటిని కొంత మేరకు నిలువరించగలదని చెప్పే 'వాటర్ రెసిస్టెంట్' అన్న మాట వచ్చింది. వాచీ మీద 30 మీటర్లని చెక్కి ఉంటే అంత లోతున ఈదవచ్చునని అర్థం కాదు. అది కదలిక లేని నీటిలో, ప్రయోగశాలలో చూసే ఒత్తిడికి కొలత. చేతులు కడుక్కొన్నప్పుడు పడే నీటికీ, వాన జల్లుకూ అది చాలు. ఈతకు 100 మీటర్ల వాచీ మేలు. వేడినీటి స్నానానికి మాత్రం ఏ వాచీ అయినా విప్పి పెట్టడమే యుక్తం. వేడి వాషర్లను అలసగొడుతుంది, సబ్బు నీటిని సందులలోకి పాకనిస్తుంది.

వాచీలకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 22810లో ఒక సులువైన పరీక్ష ఉంది. వాచీని 40 నుంచి 45 డిగ్రీల వేడి ఉన్న పలక మీద పెట్టి వెచ్చబడనిస్తారు. అద్దం మీద మామూలు చల్లదనం గల ఒక నీటి చుక్క వేస్తారు. ఒక నిమిషం తరువాత తుడిచి చూస్తారు. అద్దం లోపలి వైపు ఆవిరి కనిపిస్తే ఆ వాచీ తప్పినట్టే. ఉక్కపోస్తున్న ప్లాట్‌ఫారం నుంచి ఏసీ పెట్టెలోకి నడిచిన ప్రధానోపాధ్యాయుడు, తనకు తెలియకుండానే, దాదాపు ఇటువంటి పరీక్షనే చేశారు.

నలుగురు చెప్పే నాలుగు చికిత్సలు

మర్నాడు సికింద్రాబాదులో బావమరిది ఇంట్లో ఈ సంగతి చెప్పగానే సలహాలు వరసకట్టాయి.

"బియ్యం డబ్బాలో పెట్టండి బావగారూ, రాత్రికి రాత్రే పీల్చేస్తుంది" అన్నాడు బావమరిది. బియ్యం పీల్చగలిగిన తేమ స్వల్పం. పైగా మూసి ఉన్న వాచీ లోపలి చెమ్మకు బయటి బియ్యం ఏమి చేయగలదు? పిండి దుమ్ము కీ సందులో చేరడం తప్ప ఫలితం ఉండదు.

"డాబా మీద ఎండలో ఉంచితే సరి" అన్నది మరదలు. వేడి తగిలితే అద్దం తేటపడుతుంది, నిజమే. కాని అద్దం మీద లేచిన ఆవిరి యంత్ర భాగాల మధ్యకు చేరుతుంది. జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడిగాలి కొట్టినా, టేబులు దీపం కింద పెట్టినా జరిగేది ఇదే.

"కీ బయటికి లాగి ఉంచితే ఆవిరి అదే పోతుంది" అన్నాడు మేనల్లుడు. పొడిగాలి ఉన్న చోట కొంత పోవచ్చునేమో. వానకాలంలో మాత్రం బయటి గాలి లోపలికి మరింత తేమను మోసుకొస్తుంది. అంతకంటె ముఖ్యం, కీ తెరిచి ఉంచిన వాచీని తీసుకువెళితే, నీరు అందువల్లనే వెళ్ళిందని కంపెనీవారు అంటే బదులు చెప్పడం కష్టం.

"వీధి చివర వాచీల దుకాణం ఉంది కదా, అయిదు నిమిషాలలో మూత తీసి ఆరబెట్టి ఇస్తాడు" అన్నారు పొరుగింటాయన. ఆ పనివాడు ఎంతటి నేర్పరి అయినా కావచ్చు. కాని వారంటీ ఉన్న వాచీని బయటివారు తెరిస్తే, వారంటీ చెల్లదని చెప్పే అవకాశం కంపెనీకి చేజేతులా ఇచ్చినట్టవుతుంది.

ఈ నాలుగు చికిత్సలకూ ఉన్న సామాన్య దోషం ఒకటే. అవి రోగాన్ని నయం చేయవు, రోగం ఉన్నదన్న గుర్తును చెరిపేస్తాయి.

ఆ రాత్రి పుణే నుంచి కొడుకు ఫోను చేశాడు. "నాన్నగారూ, దానిని ఎవరిచేతా తెరిపించకండి. అలాగే పక్కన పెట్టండి" అన్నాడు. ఆ ఇంట్లో వినిపించిన సలహాలలో సరైనది అదే.

సాక్ష్యం ఆరిపోకముందు

వారంటీ ఉన్న వాచీలో ఆవిరి కనిపించిన గంటలో చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది: దేనినీ తాకకముందు ఫోటోలు తీయాలి. అద్దం మీది పొర, పక్కన కీ ఉన్న స్థితి, వెనుక మూత, అంచులు స్పష్టంగా కనిపించాలి. కీ లోపలికి బిగించి ఉన్నదా లేదా అన్నదే రేపు వివాదానికి మూలం కావచ్చు. ఆవిరి పట్టి విడిపోవడం నిమిషం పాటు వీడియో తీస్తే ఇంకా మంచిది.

రెండవది: వాచీని విప్పి, పొడిగా ఉన్న చోట కదలకుండా ఉంచాలి. కీ ఇవ్వడం, ముళ్ళు తిప్పడం, మీటలు నొక్కడం మానాలి.

మూడవది: జరిగినది జరిగినట్టు కాగితం మీద రాసుకోవాలి. ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ, అంతకుముందు నీరు తగిలిందా, ఎక్కడైనా గుద్దుకొన్నదా అన్నవి ఉన్నదున్నట్టు ఉండాలి. దాచిన సంగతి ఒకటి తరువాత బయటపడితే, చెప్పిన నిజాలు కూడా విలువ కోల్పోతాయి.

నాలుగవది: బిల్లు, వారంటీ కార్డు తీసి చూడాలి. కార్డు మీద కొన్న తేదీ, వాచీ సంఖ్య, అమ్మకందారు ముద్ర ఉన్నాయా? కంపెనీ గుర్తించిన అమ్మకందారు వద్ద కొన్నదేనా? అలా కాకపోతే కంపెనీ వారంటీ వర్తించకపోవచ్చు. అప్పుడు అమ్మినవాడు ఇచ్చిన హామీయే ఆధారం.

అయిదవది: అదే రోజున అమ్మకందారుకు, కంపెనీ సర్వీసు కేంద్రానికి ఫోటోలతో సహా లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ఫోనులో చెప్పిన మాటకు తేదీ ఉండదు, పంపిన ఉత్తరానికి ఉంటుంది. సర్వీసు కేంద్రం దూరాన ఉంటే వాచీని ఎలా పంపాలో వారినే అడిగి, జవాబు రాతలో తీసుకోవాలి. నీటి బిందువులు కంటికి కనిపిస్తున్నా, సముద్రపు నీరు తగిలినా ఒక్క రోజు కూడా ఆలస్యం చేయరాదు.

కౌంటరు దగ్గర

సర్వీసు కేంద్రంలో మొదట వినిపించే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "స్నానం చేసేటప్పుడు పెట్టుకొన్నారా?" ముప్పై యేళ్ళు పిల్లల చేత నిజం చెప్పించిన మనిషికి ఈ ప్రశ్న చురుక్కుమంటుంది. కాని అడిగేవారికీ కారణం ఉంది. కీ బిగించడం మరిచి ఈతకు దిగినవారు, నేల మీద పడేసి అద్దం అంచు చిట్లించుకొన్నవారు కూడా అదే కౌంటరుకు వచ్చి, "ఏమీ చేయలేదండీ" అనే చెబుతారు. వాడకంలో జరిగిన పొరపాటుకు వారంటీ సాధారణంగా వర్తించదు. ఎవరు నిజం చెబుతున్నారో ముఖం చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. వాచీయే చెప్పాలి.

అందుచేత వాచీ అప్పగించేముందు రెండు విషయాలు అడగాలి. ఒకటి, తీసుకొన్నప్పటి స్థితిని వివరంగా రాసిన రసీదు. గీతలు, దెబ్బలు లేవని, కీ బిగించి ఉన్నదని, లోపల ఆవిరి కనిపిస్తున్నదని అందులో ఉండాలి. రెండు, మూత తెరవకముందే ఒత్తిడి పరీక్ష చేసి దాని ఫలితాన్ని రాతలో ఇవ్వాలన్న కోరిక. ఇది చిన్న కోరికగా కనిపించినా కీలకమైనది. ఒకసారి మూత తీసి కొత్త వాషరు వేసిన తరువాత పరీక్షిస్తే వాచీ నెగ్గుతుంది. పాత వాషరు ఎలా ఉండేదో ఇక ఎన్నటికీ తేలదు.

ఆ పరీక్షకు నీరు కూడా అవసరం లేదు. వాచీని ఒక చిన్న గదిలో ఉంచి, గాలి ఒత్తిడిని మారుస్తారు. గట్టిగా మూసి ఉన్న పెట్టె ఆ ఒత్తిడికి వెంట్రుక మందంలో చిన్న భాగమంత రూపు మారి, అలాగే నిలుస్తుంది. కారుతున్న పెట్టెలో లోపలి, బయటి ఒత్తిళ్ళు సమమై అది మళ్ళీ పూర్వరూపానికి వస్తుంది. యంత్రం ఆ కదలికను కొలిచి చెబుతుంది. దెబ్బ గుర్తులు లేని కొత్త వాచీ, కీ బిగించి ఉండగానే ఈ పరీక్షలో తప్పితే, లోపం తయారీలో ఉన్నదన్న వాదనకు గట్టి బలం చేకూరుతుంది.

వారంటీ పత్రాలు చాలావరకు మరమ్మతు చేయాలా, మార్చి ఇవ్వాలా అన్న నిర్ణయాన్ని కంపెనీకే వదులుతాయి. మరమ్మతే చేస్తామంటే, అద్దం తుడిచి ఇస్తే సరిపోదు. యంత్రాన్ని విప్పి తుప్పు చూడాలి, వాషర్లన్నీ మార్చాలి, మళ్ళీ ఒత్తిడి పరీక్ష చేయాలి. ఏమేమి చేశారో రాసి ఇవ్వాలి. వారాలు గడిచిన తరువాత బయటపడే తుప్పుకు ఆ కాగితమే జవాబు.

మాట తేలకపోతే

అన్నీ చేసినా "మా తప్పు కాదు" అన్న జవాబే వస్తే, తలుపులు మూసుకుపోయినట్టు కాదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరు మీద ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం, వస్తువు ఎక్కడ కొన్నా, కొన్న మనిషి తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. వివాద కారణం ఏర్పడిన రెండేళ్ళలోపు చేయాలి. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయలకు మించకపోతే రుసుము లేదు.

పరీక్షించితే తప్ప తేలని లోపమైతే, కమిషన్ ఆ వస్తువును తగిన ప్రయోగశాలకు పంపి నివేదిక తెప్పించవచ్చు. లోపం రుజువైతే సరిచేయమని, మార్చి ఇవ్వమని, లేదా ధర తిరిగి చెల్లించమని ఆదేశించవచ్చు. అయితే అక్కడ కూడా అడిగేది రుజువులే. బియ్యంలో ఆరబెట్టి, వీధి చివర తెరిపించి, మూడు నెలల తరువాత తీసుకువెళ్ళిన వాచీ ఏ ప్రయోగశాలలోనూ తన మొదటి కథ చెప్పలేదు.

మళ్ళీ ప్రధానోపాధ్యాయుడి దగ్గరికి వద్దాం. మూడవ రోజున బావమరిదిని వెంటబెట్టుకొని ఆయన సర్వీసు కేంద్రానికి వెళ్ళారు. ఆ ప్రశ్నే వచ్చింది. ఆయన కోపం తెచ్చుకోలేదు. రైలులో జరిగినది తేదీ, వేళలతో రాసిన కాగితం ముందుంచారు. బావమరిది ఇంట్లో, డబ్బాలో చుట్టిపెట్టిన వాచీని చల్లగదిలోకి తెచ్చినప్పుడు మళ్ళీ పొర పట్టగా, మేనల్లుడు ఫోనులో తీసిన ఫోటోలు చూపించారు. "తెరవకముందు పరీక్షించి, వచ్చినది వచ్చినట్టు రాసి ఇవ్వండి. తప్పు నాదని తేలితే డబ్బు నేనే కట్టుకొంటాను" అన్నారు.

కౌంటరు వెనుక యువకుడు కాగితం ఆసాంతం చదివి, ఇంకేమీ అడగకుండా రసీదు పుస్తకం ముందుకు లాక్కొన్నాడు. వాచీని చేతిలోకి తీసుకొని, కీ బిగించి ఉన్నదని చూసుకొని, ఆ మాటనే మొదటి వరుసలో రాశాడు.